పన్నెండో నంబరు చక్ కీ

గుడివాడ,
4-11-2024

ప్రియమైన నిజాముద్దీన్ బావకి,

బ్రహ్మం రాస్తున్నాను. చేతిరాత చూసి పోల్చుకునే ఉంటావు, ఇంత వంకర రాత ఇంకెవరిది! ఈ రోజుల్లో ఉత్తరాలేమిట్రా అనుకోకు. మొన్న ఫోన్ చేస్తే మీ నాజియా ఎత్తింది. "అబ్బాకి ఫోన్‌లో అస్సలు వినపడటం లేదు మావయ్యా. ఎదురుగా ఉంటే పెదాలు చూసి అర్థం చేసుకుంటారు, అంతే" అంది. చిలకలపూడి గిల్టు నగలకి అచ్చులు కొట్టీ కొట్టీ చెవులు పోగొట్టుకున్నావన్నమాట. నా చెవులు బాగానే ఉన్నాయి. మోకాళ్ళే మూలపడ్డాయి.

సంగతేమిటంటే, మన అప్రెంటిస్ బ్యాచ్ అంతా ఒకసారి కలుద్దామనుకుంటున్నాం. 1978లో మన కృష్ణా జిల్లా నుంచి పద్నాలుగు మందిమి హైదరాబాద్ వెళ్ళి ఆ ఫ్యాక్టరీలో చేరాం కదా. "మెషిన్లని పుట్టించే మెషిన్లు చేస్తార్రా అక్కడ" అని ఊరంతా గొప్పలు చెప్పుకున్నాం. ఇప్పటికి పదకొండు మందిమి మిగిలాం. డిసెంబర్ 8 ఆదివారం, మీ బందర్లోనే హాలు మాట్లాడాం. చిన్న పుస్తకం కూడా వేస్తున్నాం. ఒక్కొక్కరూ ఆ రోజుల గురించి రెండు పేజీలు రాయాలి. చివర్లో పద్నాలుగు మంది పేర్లూ, టోకెన్ నంబర్లూ ఉంటాయి. ఈ పని నా నెత్తిన పెట్టారు కాబట్టి అందరి వెంటా పడుతున్నాను.

మొదటి ఆరు నెలలూ మెషిన్ ముట్టుకోనివ్వలేదు, గుర్తుందా? ఒక ఆకురాయి, ఒక ఇనుప దిమ్మ చేతికిచ్చి, నాలుగు వైపులా సరిసమానంగా అరగదియ్యమన్నారు. ఇన్‌స్ట్రక్టర్ గారు దిమ్మకి మూలమట్టం ఆనించి కిటికీ వైపు ఎత్తి చూసేవారు. మధ్యలోంచి సన్నటి వెలుగు గీత కనిపించిందా, దిమ్మ చెత్తడబ్బాలో పడేది. నాకు పదకొండు దిమ్మలు పట్టాయి. నీకు మూడే! నీవి మామూలు చేతులు కావయ్యా అని ఆయన నిన్ను పొగుడుతుంటే మాకు ఒళ్ళు మండేది. అదంతా రాయి.

కోడూరు వెళ్ళి శోభనాద్రిని కూడా అడగాలి. వస్తాడో రాడో.

మా పామిడిముక్కల పొలంలో ఇంకా కోతలు మొదలవలేదు. మీకు పంపే కొత్త బియ్యం ఈసారి కాస్త ఆలస్యం. మైమూనా చెల్లెమ్మతో చెప్పు.

నీ రెండు పేజీల కోసం కాచుక్కూర్చున్న,
బ్రహ్మం

*

బందరు,
9-11-2024

బ్రహ్మం బావకి సలాములు.

ఉత్తరం అందింది. నీ రాత వంకరే, ఒప్పుకున్నాను.

రెండు పేజీలు రాయమన్నావు. ఏం రాయను? మూడు దిమ్మలకే నెగ్గానని ఒక ముక్క రాసి, మిగతాది ఖాళీగా వదిలెయ్యనా? మీరంతా మూడేళ్ళూ పూర్తిచేసి సర్టిఫికెట్లు తెచ్చుకున్నారు. నన్ను రెండేళ్ళకే గేటు బయట నిలబెట్టారు. 1980 జూలైలో, నేను నడుపుతున్న పన్నెండో నంబరు లేత్ మీద, శోభనాద్రి ఎడమకన్ను పోయింది. చక్‌లో కీ ఉండగానే మెషిన్ తిరిగింది. కీ ఎగిరి వచ్చి వాడి కంట్లో కొట్టింది. కీ వదిలింది నేనేనని సంతకం పెట్టి ఇంటికొచ్చాను. ఇది రాస్తే మీ పండగ పాడవుతుంది. వదిలేస్తే నేను రాసేది ఇంకేం మిగులుతుంది?

నేను రాస్తున్నది నాజియా తొంగిచూసి చదివి, "కీ అంటే ఏమిటబ్బా?" అంది. లేత్ మీద పనిముక్కని పట్టుకుని తిప్పే ఇనుప పిడికిలిని చక్ అంటారని, దాన్ని బిగించే టీ ఆకారపు తాళంచెవి చక్ కీ అని, బిగించాక కీ బయటికి లాగి గానీ మెషిన్ వెయ్యకూడదని చెప్పాను. "మరి నువ్వెందుకు మర్చిపోయావు?" అంది. టీ తెమ్మని లోపలికి పంపేశాను.

శోభనాద్రి వస్తున్నాడా? అది ముందు రాయి. వాడు వస్తే నన్ను పిలవకు.

సరోజిని చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నిజాముద్దీన్

*

గుడివాడ,
18-11-2024

ప్రియమైన బావా,

నిన్న కోడూరు వెళ్ళాను. పులిగడ్డ వారధి దగ్గరే దిగి వెనక్కి పోదామా అనిపించింది, నువ్వు నవ్వినా సరే. శోభనాద్రి రిటైరయ్యాక కరకట్ట పక్కన చిన్న ఇల్లు వేసుకున్నాడు. ఒక్కడే. రేపు పంతొమ్మిది, డెబ్భై ఏడులో ఉప్పెన వచ్చిన రోజు. వాళ్ళ అమ్మా నాన్నా చెల్లెలూ ఆ నీళ్ళలోనే కదా కొట్టుకుపోయింది. మనతో ఫ్యాక్టరీలో చేరేనాటికి ఏడాదైనా కాలేదు. అరుగు మీద మూడు ప్రమిదలు కడిగి బోర్లించి ఉన్నాయి.

మాట్లాడినంతసేపూ గుడ్డికన్ను వైపే నాకు పెట్టి కూర్చున్నాడు. నేను ఎదురుగా జరిగితే తనూ జరిగాడు. మీటింగు సంగతి చెప్తే సరే సరే అన్నాడు. నీ పేరెత్తగానే లేచి నిలబడ్డాడు.

"వాడి పేరున్న పుస్తకం నా గుమ్మం తొక్కకూడదు. వాడొస్తే నేను రాను. నేను రాకపోతే మా దివిసీమ వాళ్ళెవరూ రారు, చూసుకో."

"నలభై నాలుగేళ్ళయిందిరా" అన్నాను.

"వాడు నీతో ఏమన్నా చెప్పాడా?" అన్నాడు. ఏమీ చెప్పలేదన్నాను. బస్సెక్కించడానికి వచ్చి, "నిజంగా ఏం చెప్పలేదా?" అని మళ్ళీ అడిగాడు. ఇన్నేళ్ళు ఆ కక్ష ఎలా దాచుకున్నాడో!

కమిటీలో అందరిదీ ఒకటే పాట. శిక్షణ పూర్తిచేసినవాళ్ళ పేర్లే వేస్తే గొడవ వదిలిపోతుంది కదా, ఒక్క పేరు కోసం ఆరుగురు మానేస్తే ఎలా అంటున్నారు. నేను ఔననలేదు, కాదనలేదు. డిసెంబర్ రెండున ప్రెస్సుకి ఇవ్వాలి. ఆ లోపల ఏదో ఒకటి తేల్చాలి.

నీకొకటి చెప్పాలి బావా. నాలుగుసార్లు రాసి చింపేశాను. ఇందులోనూ రాయలేకపోతున్నాను.

నీ
బ్రహ్మం

*

బందరు,
22-11-2024

బావా,

నా పేరు తీసెయ్. ఇంత చిన్నదానికి అంత మథనపడతావెందుకు? పూర్తిచెయ్యనివాడి పేరు పూర్తిచేసినవాళ్ళ పక్కన ఎందుకు? పిలుపులు లేకుండా, సర్టిఫికెట్ లేకుండా నలభై నాలుగేళ్ళు బతికాను. అచ్చులు నాకు తిండి పెట్టాయి.

ఇలా రాశానని నాకు బాధ లేదనుకోకు. ఉంది. నిన్న మైమూనా, "పుస్తకంలో పేరు లేకపోతే ఏం పోయిందండీ" అంటే పళ్ళెం ముందు నుంచి లేచిపోయాను. పాపం, ఆవిడ తప్పేముంది? మా నాన్న పోయేదాకా చుట్టాలందరి ముందూ నన్ను 'కన్ను తీసినవాడు' అనే అన్నాడు. ఆ పద్నాలుగు పేర్లలో ఒకటిగా నా పేరు ఒక్కసారి అచ్చులో చూసుకోవాలని నాకు మాత్రం ఉండదా?

ఆ కీ దండ గుర్తుందా? చక్‌లో కీ మర్చిపోయినవాడి మెడలో ఆ కీనే తీగకి గుచ్చి వేసి, షాపు ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించేవారు. అందరూ ఆకురాళ్ళతో బల్లలకి బిగించిన వైసుల మీద టకటకా కొట్టేవాళ్ళు. నీకు రెండుసార్లు పడింది. నాకు ఒక్కసారీ పడలేదు.

శోభనాద్రి రెండుసార్లు అడిగాడన్నావు. సరిగ్గా ఏమని అడిగాడు? నీ మాటలు కాదు, వాడి మాటలు రాయి.

నాలుగుసార్లు చింపేసిందేమిటో అది కూడా రాయి. చెప్తే చెప్పు, మానేస్తే మానెయ్. ఇలా సగం చెప్పి నా ప్రాణం తోడెయ్యకు.

నిజాముద్దీన్

*

గుడివాడ,
28-11-2024

ప్రియమైన బావా,

"వాడు నీతో ఏమన్నా చెప్పాడా", "నిజంగా ఏం చెప్పలేదా", ఇవే వాడి మాటలు.

ఇక నా మాట. రాత ఇంకా వంకరగా ఉంటుంది, ఓర్చుకో.

పన్నెండో లేత్ నీకూ నాకూ ఉమ్మడి కదా. ఆ రోజు పదింటి టీ సైరన్ మోగేటప్పటికి దాని మీద ఉన్నది నేను. పనిముక్క బిగిస్తున్నాను. సైరన్ వినగానే కీ చక్‌లోనే వదిలేసి పరిగెత్తాను. టీ తాగుతుంటే గుర్తొచ్చింది. వెనక్కి వస్తుంటే ఇన్‌స్ట్రక్టర్ గారు దారిలో పట్టుకుని స్టోర్సుకి పంపించారు. నేను తిరిగొచ్చేసరికి శోభనాద్రి కేక వినపడింది. నేలంతా రక్తం. నువ్వు వాడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావు.

సాయంత్రం అందర్నీ వరసలో నిలబెట్టి, "కీ వదిలిందెవరు?" అన్నారు. రెండు దండలు పడ్డవాణ్ణి. మూడోసారి జరిగితే ఇంటికి పంపేస్తామని నా దగ్గర అప్పటికే సంతకం తీసుకున్నారు. నేను నోరు తెరిచేలోగా నువ్వు... లేదు, అబద్ధం రాయకూడదు. నేను నోరు తెరవబోలేదు. బూట్లు చూసుకుంటూ నిలబడ్డాను. నువ్వు "నేనే సార్" అన్నావు. అని, నా వైపు చూశావు. 'నువ్వు ఊరుకో' అన్నట్టు చూశావు. నేను ఊరుకున్నాను.

నా కోసం నువ్వు నీ బతుకు పాడుచేసుకున్నావు బావా. ఆ సర్టిఫికెట్‌తోనే నాకు ఉద్యోగం వచ్చింది. దాంతోనే గుడివాడలో లేత్ షాపు పెట్టాను. ఏటా బియ్యం బస్తా మీ వరండాలో దించేటప్పుడు, ఈసారి చెప్పేద్దాం అనుకునే వచ్చేవాణ్ణి. చెల్లెమ్మ టీ ఇచ్చేది. తాగి వచ్చేసేవాణ్ణి.

నిర్ణయించుకున్నాను. ఇదంతా పుస్తకంలో మొదటి పేజీలో వేస్తున్నాను. ఎనిమిదో తారీఖున శోభనాద్రి ముందే స్టేజి మీద చదువుతాను. సోమవారం పొద్దున్నే ప్రెస్సుకి వెళ్తున్నాను. సరోజినికి చెప్తే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నువ్వు తిట్టు, కొట్టు, ఏమన్నా చెయ్. మౌనంగా మాత్రం ఉండకు.

నీకు మొహం చూపించలేని,
బ్రహ్మం

*

బందరు,
1-12-2024, ఆదివారం

బ్రహ్మానికి,

రేపు పొద్దున నాజియా ట్రైన్లో గుడివాడ కాలేజీకి పాఠం చెప్పడానికి వస్తూ ఈ ఉత్తరం నీ చేతికిస్తుంది. ఇది పూర్తిగా చదివేదాకా ప్రెస్సుకి కదలకు.

ఆ కీ నీది కాదు.

నా ట్రంకుపెట్టెలో ఒక చక్ కీ ఉంది. పిడి మీద 12 అని పంచ్ కొట్టి ఉంది. ఒక్కో లేత్‌కీ దాని నంబరు కీయే కదా, సైజులన్నీ ఒకటే అయినా. ఆ రోజు టీ తాగి నేను వచ్చేసరికి చక్‌లో నీ కీ ఉంది. 'బ్రహ్మం గాడికి మూడో దండ పడేట్టుందే' అనుకుని, ఎవరూ చూడకముందే లాగి ఓవరాల్ జేబులో వేసుకున్నాను. తర్వాత జరిగిన గోలలో అది ఆ జేబులోనే బందరు వచ్చేసింది. నేను ఆ ఫ్యాక్టరీకి చేసిన దొంగతనం అదొక్కటే.

మెషిన్ వేశాను. పనిముక్క వదులై ఊగుతోంది. ఆపాను. తొమ్మిదో లేత్ మీదున్న శోభనాద్రి, "ఉండ్రా, నేను బిగిస్తా" అంటూ తన కీ చేత్తో పట్టుకునే వచ్చాడు. బిగించాడు. నేను వెనక్కి తిరిగి గేజ్ అందుకున్నాను. వాడు కింద పడిన గుడ్డపీలిక కోసం వంగాడు. కీ తీసే ఉంటాడనుకున్నాను. చూడకుండా లీవర్ లాగాను.

వాణ్ణి మనవాళ్ళు డిస్పెన్సరీకి మోసుకెళ్ళాక, కింద పడున్న కీ నేనే ఎత్తాను. నంబరు 9. తుడిచి తొమ్మిదో లేత్ మీద పెట్టాను. కీ ఏదని ఎవరూ అడగలేదు, అడగకముందే నేను ఒప్పుకున్నాను కదా.

తప్పు వాడిదేనని తేలితే వాణ్ణి ఇంటికి పంపేవాళ్ళు. ఏ ఇంటికి? నాకు బందర్లో అమ్మా నాన్నా ఉన్నారు. వాడికి ఎవరున్నారు? నేనే అన్నాను. లీవర్ లాగింది నేనే కాబట్టి అది పూర్తి అబద్ధమూ కాదు. వాడికి స్టోర్సులో పర్మనెంటు ఉద్యోగం ఇచ్చారని విని, పోనీలే అనుకున్నాను. వాడికి రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు.

నీ వైపు చూశానన్నావు. నీ వెనక తొమ్మిదో లేత్ ఉంది. నేను దాన్ని చూశాను. నువ్వు నాకు కనపడనే లేదు.

ఇప్పుడు విను. నాకు ఒళ్ళు మండిపోతోంది. నేను వాడి కోసం అబద్ధమాడాను. నువ్వు నీ కోసం నోరు మూసుకున్నావు. నీ తప్పే నేను మోస్తున్నానని అనుకుంటూ, ఆ మాటే మనసులో పెట్టుకుని, మా నాన్న నన్ను 'కన్ను తీసినవాడు' అంటుంటే పక్క కుర్చీలో కూర్చుని టీ తాగావు. నీకు చేతులెలా వచ్చాయి బావా, ఆ గ్లాసు పట్టుకోవడానికి? ఆ బియ్యం స్నేహమనుకుని తిన్నాం. ఈ ఏడు పంపకు.

శోభనాద్రిది కక్ష కాదు. నాకు మొహం చూపించలేడు, అంతే. వాడు రెండుసార్లు ఎందుకడిగాడో ఇప్పుడు తెలిసిందా? నువ్వు స్టేజి ఎక్కి కీ నాదే అని చదివితే, కింద కూర్చున్నవాడు ఏమైపోతాడు? వాడి సంగతి ఎవరితోనూ అనకు. వాడితో కూడా అనకు. నీకు రాయాలనే ఉంటే నువ్వు చేసింది రాయి. చెయ్యనిది నెత్తిన వేసుకోకు.

నిజాముద్దీన్

*

బందరు, మీటింగు హాల్లోనే,
8-12-2024, మధ్యాహ్నం

నిజాం బావా,

భోజనాల బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. సాంబారు మరక పడింది, క్షమించు.

ఆ పేజీ చింపేశాను. పద్నాలుగు పేర్లూ వేయించాను. నీది ఆరోది. ఈ ఉత్తరంతో పాటు పుస్తకం వస్తోంది, చూసుకో. నీ పేరు తీస్తే పుస్తకమే లేదని కమిటీతో చెప్పాను. కోడూరు ఫోన్ చేసి శోభనాద్రికీ అదే చెప్పాను. ఇంకేమీ అనలేదు, మా సరోజిని మీద ఒట్టు. "నీ ఇష్టం" అని ఫోన్ పెట్టేశాడు. రాడనే అనుకున్నాను.

వచ్చాడు. చివరి వరసలో గోడ పక్కన కూర్చున్నాడు.

నేను చదివింది ఇంతే. "1980లో నిజాముద్దీన్ 'నేనే' అన్నప్పుడు అది అబద్ధమని తెలిసి కూడా నేను మాట్లాడలేదు. నన్ను పంపేస్తారని భయపడ్డాను. ఆ తర్వాత నలభై నాలుగేళ్ళు, వాళ్ళింటి టీ తాగుతూ కూడా మాట్లాడలేదు. కీ వదిలింది నిజాముద్దీన్ కాదు."

హాలంతా గోల. "మరెవడ్రా? నువ్వేనా?" అని అరుస్తున్నారు. అది నేను చెప్పనన్నాను. నేనేనని అందరూ ఖాయం చేసుకున్నారు. దివిసీమ కుర్రాళ్ళు, అదే, అరవై దాటిన మన కుర్రాళ్ళు, ఇద్దరు ముగ్గురు లేచి బయటికి పోబోయారు. పోనిమ్మనుకున్నాను. నువ్వు అలా నిలబడ్డ రోజున నీకెలా ఉందో కాస్త తెలిసింది. అయినా నోరు విప్పలేదు.

అప్పుడు వెనక నుంచి శోభనాద్రి లేచాడు.

"కూర్చోండ్రా. వాడు కాదు. తొమ్మిదో నంబరు కీ. నాది."

బయటికి పోబోయినవాళ్ళు గుమ్మంలోనే ఆగారు. వాడే మళ్ళీ అన్నాడు. "ఆస్పత్రి నుంచి వచ్చి చూస్తే నా కీ తుడిచి నా లేత్ మీదే పెట్టి ఉంది. ఎవరు పెట్టారో తెలుసు. చెప్తే ఉద్యోగం పోతుందని చెప్పలేదు. తర్వాత సిగ్గేసి చెప్పలేదు. వాడి ఉత్తరాలు రెండూ నా దగ్గరే ఉన్నాయి."

ఆ నంబరు నేను ఎవరితోనూ అనలేదు బావా. వాడే అన్నాడు.

భోజనం చెయ్యలేదు. "వాడిల్లు ఎక్కడ?" అన్నాడు. చిలకలపూడికి ఆటో మాట్లాడాను. నేను రావడం లేదు. నాకు ఇవాళ ఆ వరండా ఎక్కే అర్హత లేదు. ఎప్పుడు రమ్మంటావో నువ్వే రాయి. రమ్మనకపోయినా రాయి.

తలుపు తడితే నీకు వినపడదు, చెల్లెమ్మే తీసి ఉంటుంది. ఈ కాగితం నీ చేతికిచ్చినవాడు నీ ఎదురుగానే నిలబడి ఉన్నాడు. ఏదో చెప్పాలని వచ్చాడు, నోరు పెగలకపోవచ్చు. కాస్త ఓపిక పట్టు. నువ్వు పెదాలు చూస్తే గానీ అర్థం చేసుకోలేవని చెప్పాను, మొహం పక్కకి తిప్పుకోవద్దన్నాను. సరేనన్నాడు.

నువ్వూ తిప్పుకోకు. ముందు వాణ్ణి కూర్చోమను.

నీ పిలుపు కోసం కనిపెట్టుకుని ఉండే,
బ్రహ్మం